గుమ్మం ముందు మూడు ముద్దలు

శనివారంతో కలిసివచ్చిన అమావాస్య నాడు, వర్జ్యం నడుస్తుండగా, భయాన్ని గురించి ప్రసంగించాలని నిర్ణయించుకున్నవారు స్వయానా జి. వెంకటేశ్వర్లు గారే. కోదాడలోని ఒక ఇంజినీరింగు కళాశాల ప్రిన్సిపాల్ "మీకు ఏ రోజు వీలవుతుంది సార్?" అని వినయంగా అడిగితే, ఆయన తన అరవై రెండేళ్ల జీవితంలో మొదటిసారి పంచాంగం కొనుక్కొచ్చారు. అందులోని మంచి ఘడియలన్నింటినీ ఎర్రసిరాతో కొట్టివేసి, మిగిలినవాటిలో అతి చెడ్డదాన్ని ఏరుకున్నారు. ప్రసంగం పేరు "భయమెందుకు?" వినబోయేవారు నాలుగువందలమంది విద్యార్థులు. సమయం పదకొండున్నర.

ఆ ఉదయపు కార్యక్రమం కూడా పకడ్బందీగానే తయారైంది. ఏడింటికి అద్దం ముందు ప్రసంగం ఒకసారి. ఎనిమిదింటికి స్నానాల గదిలో మరొకసారి. తొమ్మిదింటికి కార్యదర్శి లింగస్వామి కారు తీసుకొని సూర్యాపేటలోని ఆయన ఇంటికి వస్తాడు. పదకొండు లోపల కోదాడ. భార్య ప్రమీల మిర్యాలగూడలో చెల్లెలి కూతురి సీమంతానికి వెళ్లి రెండు రోజులైంది కనుక, ఉప్మా అనే ఘట్టం ఈ ప్రణాళికలో లేదు.

వెంకటేశ్వర్లు గారు ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం బోధించి, పదవీ విరమణ చేసిన మర్నాడే "నిర్భయ విజ్ఞాన వేదిక"ను స్థాపించి, దానికి అధ్యక్షులైనవారు. చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో దయ్యాలు లేవని నిరూపించారు. మంత్రించిన నిమ్మకాయలను కోసి షర్బతు చేసి తాగారు. అయితే ఈ దిగ్విజయాలన్నీ పట్టపగలు, నలభైమంది అనుచరుల నడుమ, పరాయివాళ్ల గుమ్మాల ముందు జరిగినవన్న సంగతిని చరిత్రకారులు గమనించాలి. ఆయన సొంత గుమ్మం దాకా ఏ క్షుద్రశక్తీ అంతవరకు శ్రమ తీసుకొని రాలేదు.

సరిగ్గా అదే ఉదయం, ఆయన నెత్తిమీద పన్నెండడుగుల ఎత్తున, పై వాటాలో కిరాయికుంటున్న అఖిల వంటింట్లో మరొక శాస్త్రీయ ప్రయోగం సాగుతున్నది. ఆమె భర్త వేణు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బియ్యంలోంచి నల్లగింజలను ఏరివేసే జపాను యంత్రాలకు మరమ్మతులు చేస్తాడు. కిందటి నెల యంత్రం బిగించడానికి వచ్చిన జపాను ఇంజినీరొకాయన, మధ్యాహ్నం పూట డబ్బా విప్పి, అన్నపు ముద్దను ఒక నల్లటి రసంలో ముంచి తింటూ వేణుకు కూడా ఒక ముద్ద పెట్టాడట. వెళ్తూ వెళ్తూ అన్నం తినడానికి వాడే రెండు జతల పుల్లలు కూడా కానుకగా ఇచ్చాడట. ఆనాటినుంచి వేణు ఇంట్లో పప్పుచారు ముందు కూర్చొని దూరదేశాల వైపు చూస్తూ నిట్టూర్చడం మొదలుపెట్టాడు. పరాయి వంటకోసం భర్త విడిచే నిట్టూర్పును సహించిన ఇల్లాలు నడిగూడెం మండలంలో ఇంతవరకు పుట్టలేదు. అఖిల నడిగూడెం మండలపు ఆడపడుచు.

ఫోనులో చూసిన వీడియో అయిదు ద్రవ్యాలను అడిగింది. ఆమె వంటింట్లో ఉన్నది ఒక్కటే: ఎప్పుడో ఫ్రైడ్ రైస్ కోసం కొన్న సీసా అడుగున మూడు వేళ్ల మేర సోయాసాసు. బియ్యపు తీపి మద్యం కావాలంటే బెల్లం కరిగించి పోసింది. బియ్యపు పులుపు ద్రావకం కావాలంటే నిమ్మకాయ పిండింది. సముద్రపు నాచూ ఎండు చేపా కాచిన నీళ్లు కావాలన్నప్పుడు, సూర్యాపేటకు సముద్రం దూరమని క్షణం చింతించి, బియ్యం కడిగిన రెండో నీళ్లు పోసి చిక్కబడేదాకా మరిగించింది. తెల్ల నువ్వులు సకినాలకు అయిపోయాయి కనుక నల్ల నువ్వులు వేయించింది. అల్లం తురిమింది. చివరగా, వీడియో అడగకపోయినా, నువ్వుల నూనెలో నాలుగు ఎండు మిరపకాయలు వేయించి, ఆ నల్లెర్రటి రసంలో తేలేసింది.

"ఎట్లున్నది?" అని అడిగింది, వేణు నాలుక మీద ఒక చుక్క వేసి.

వేణు కళ్లు మూసుకొని, తెరిచి, తుడుచుకున్నాడు. "సేమ్ అట్లనే ఉన్నది. కాని ఆయన దాంట్ల మిరపకాయ లేకుండె."

"మిరపకాయ లేకుంటె సూర్యాపేట్ల ఎవలు తింటరు దాన్ని?"

ఈ ప్రశ్నకు జపాను దేశం వద్ద జవాబు లేదు. వేణు డబ్బా కట్టించుకొని మిర్యాలగూడ బస్సెక్కాడు. అప్పుడు అఖిల కళ్లు అరుగు మీది స్టీలు గిన్నె మీద పడ్డాయి. నాలుగు రోజుల కిందట ప్రమీల ఆంటీ అందులో గారెలు పంపింది. ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపకూడదని అఖిలకు తల్లి బాలమ్మ నేర్పింది. చారెడు చక్కెరైనా, గుప్పెడు పల్లీలైనా వేసి పంపాలి. ఇవాళ వేయడానికి ఏకంగా ఒక దేశమే సిద్ధంగా ఉన్నది.

అఖిల మోదుగాకుల విస్తరి పరిచి, గుండ్రంగా చుట్టిన మూడు అన్నపు ముద్దలను నల్ల నువ్వుల్లో దొర్లించి వరసగా పెట్టింది. ఆంటీ గిన్నె నిండా రసం పోసి ముందు ఉంచింది. పక్కన అందానికి సగం నిమ్మచెక్క. వేణు తీసుకుపోగా మిగిలిన జత పుల్లలు పడిపోకుండా నడిమి ముద్దలో నిలువుగా గుచ్చింది. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం జపాను దేశంలో కూడా చచ్చిపోయినవాళ్లకు పెట్టేటప్పుడే చేస్తారని ఆమెకు తెలియదు. ఆ విధంగా ఆ విస్తరి రెండు నాగరికతల సంప్రదాయం ప్రకారమూ పరలోకపు చిరునామాకే తయారైంది.

కింది వాటా గంట రెండుసార్లు నొక్కింది. లోపల స్నానాల గదిలోంచి, నీళ్ల చప్పుడుతో పాటు, "భయమా? ఎక్కడుంది భయం? ఉంటే నా ముందుకు రమ్మనండి!" అన్న గర్జన వినిపించింది. చివ్వెంల బడిలో టీచరుగా పనిచేసే అఖిలకు బస్సు తప్పితే ఆ పూట జీతం తప్పినట్టే. అఖిల విస్తరిని గుమ్మం ముందు సరిగ్గా నడుమ పెట్టి, "ఆంటీ, జపాన్ అన్నం చేసిన, మీ గిన్నెల పోసి గుమ్మం కాడ పెట్టిన" అని ప్రమీలకు ఫోనులో రాసి, బస్టాండు వైపు పరుగెత్తింది. సీమంతం ముగిసిన ఇంట్లో చుట్టాలకు టిఫిన్లు వడ్డిస్తున్న ప్రమీల ఆ వార్తను చూడలేదు.

ఎనిమిదీ నలభైకి వెంకటేశ్వర్లు గారు ఇస్త్రీ లాల్చీ తొడుక్కొని తలుపు తీశారు.

ఒక్క నిమిషం పాటు ఆయనలోని భౌతికశాస్త్రం పనిచేసింది. ఎదురుగా ఉన్నవి మూడు గోళాకార వస్తువులు. నల్ల చుక్కలున్నాయి. రెండో నిమిషంలో శాస్త్రం సెలవు తీసుకుంది. మూడు పిండాలు. నల్ల నువ్వులు. కోసిన నిమ్మకాయ. నెత్తుటి రంగు ద్రవంలో ఎండు మిరపకాయలు. గుచ్చిన పుల్లలు. అమావాస్య. శనివారం. ఆయన గుమ్మం మీద చేయి వేసి వంగి, గిన్నెను దగ్గరగా చూశారు. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు ఉన్నాయి.

జి. వెంకటేశ్వర్లు.

సూర్యాపేటలో వెంకటేశ్వర్లు అన్నవారు వందమంది ఉండవచ్చు. ఇంటి పేరు మొదటి అక్షరంతో సహా, ఈ గుమ్మం ముందు, ఒక్కరే. ఆ గిన్నెను గృహప్రవేశం నాడు ప్రమీల కొని, దుకాణంవాడి చేత భర్త పేరు వేయించిందనీ, పాతికేళ్లుగా ఆయన అందులోనే పెరుగు తిన్నారనీ ఆయనకు తెలిసే మార్గం లేదు. వంటింటి గడప దాటి లోపలికి వెళ్లి ఏ గిన్నె ముఖమూ చూసిన పురుషుడు కారాయన. తన పేరును పాత్రమీద చెక్కి మరీ తనకు ఎవరో పిండం పెట్టారు. ఆయన తలుపు ధడాలున మూసి గొళ్లెం పెట్టారు. కింద గొళ్లెం కూడా పెట్టారు.

వెనక తలుపు దారి లేదు. సంవత్సరానికి సరిపడ పాత బియ్యం ఎనిమిది బస్తాలు ప్రమీల ఆ తలుపుకే ఆనించి పెట్టించింది. ముందు నుంచి పోవాలంటే ఆ విస్తరిని దాటాలి. దాటితే అంటుతుంది. ముట్టుకుంటే ఇంకా అంటుతుంది. ఇవన్నీ అబద్ధాలని ఆయన ముప్పై ఊళ్లలో చెప్పారు కనుకనే ఆ నియమాలన్నీ ఆయనకు క్షుణ్ణంగా వచ్చు. ఎడమ చేతి నాడి పట్టుకొని లెక్కపెట్టారు. నిమిషానికి నూట పద్దెనిమిది. అలమారలో ఉన్న కిందటేటి గుండె పరీక్ష కాగితం తీసి, అందులో ఆనాడు "సాధారణం" అని రాసినవాణ్ని నమ్మవచ్చా అని ఆలోచిస్తూ కూర్చున్నారు.

తొమ్మిదింటికి లింగస్వామి కారు ఆగింది. విత్తనాల దుకాణం యజమాని, వేదిక కార్యదర్శి, నాస్తికత్వంలో అధ్యక్షుల వారికంటే ఒక ఆకు ఎక్కువ చదివినవాడు. గేటు దాటి మూడడుగులు వేసి, నాలుగో అడుగు గాలిలోనే ఉంచి ఆగిపోయాడు.

"సార్! నమస్తే సార్! గీ గుమ్మం ముందట ఏందో ఉన్నది సార్!"

కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది. "ఏమున్నది? నాకేం కనవడ్తలేదు."

"మూడు ముద్దలున్నయి సార్."

"ఓ, గదా? ఎవరో మూఢులు పెట్టిండ్రు లింగస్వామీ. నేనసలు పట్టించుకోలే. జర దాన్ని తీసి అవతల పారెయ్యి, పోదాం."

లింగస్వామి తన గాలిలోని కాలును జాగ్రత్తగా వెనక్కి దించాడు. "నేనా సార్? నేను ఉత్త సెక్రటరీని. గిసొంటి కార్యక్రమం ప్రెసిడెంటు చేతుల మీదుగ జరగాలె. మన బైలాస్ల గట్లనే ఉన్నది."

"బైలాస్ రాసింది నేను. గట్ల లేదు."

"మీరు పెద్దమనుషులు సార్, రాసి మర్చిపోయిండ్రు."

"భయపడ్తున్నవా లింగస్వామీ?"

"నాకెందుకు సార్ భయం? నాకు నడుం నొప్పి. వంగొద్దన్నడు డాక్టరు. మరి మీరెందుకు సార్ తలుపు తీస్తలేరు?"

"లోపల గాలి బాగున్నది."

ఈ తాత్త్విక చర్చ ఇలా సాగుతుండగా ప్రహరీ మీదనుంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఒక పక్కకు తల వంచి చూసింది. కాకి మొదటి ముద్దను పొడిచింది. నచ్చింది. ఆత్రంగా మొత్తం తినేసి, ముక్కును గిన్నెలో ముంచింది. ముంచిన మరుక్షణం ఎగిరి, గేటుకు కొట్టుకొని, కరెంటు తీగమీద వాలి, ఆ వీధి ఏనాడూ వినని గొంతుతో అరవడం మొదలుపెట్టింది.

"కాకి ముట్టింది సార్," అన్నాడు లింగస్వామి, దినంనాడు బంధువులు చెప్పుకునే స్వరంతో.

కాకి ముట్టిందంటే పిండం అందవలసినవారికి అందినట్టే. అందుకోవలసినవారు కిటికీ ఊచలు పట్టుకొని నిలబడ్డారు. తాను ఇంకా బతికే ఉన్నారా అన్న ప్రాథమిక ప్రశ్నను ఆయన మనసు తొలిసారి సీరియస్‌గా పరిశీలించింది.

ధైర్యం తెచ్చుకోవడానికి మనుషులు చిత్రమైన పనులు చేస్తారు. లింగస్వామి ఫోను తీసి, విస్తరిని దూరంనుంచే ఫోటో తీసి, వేదిక వాట్సాప్ గ్రూపులో పెట్టి, వీరరసం ఒలికించాడు. "నేడు ఉదయం మన అధ్యక్షుల వారి గుమ్మం ముందు దుండగులు చేతబడి చేసినారు. వారు చిరునవ్వుతో, దానినే కోదాడ వేదికపై అందరి ఎదుట తిని చూపించెదరు. మూఢత్వం నశించాలి!"

తర్వాత దాన్ని కిటికీకి చదివి వినిపించాడు.

"తిని?" అన్నది కిటికీ. "ఎవరు రాయమన్నరు నిన్ను?"

"ఊపుల రాసిన సార్."

"తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

"నలభైమంది సూసిండ్రు సార్. ఇరవై ఆరుమంది సప్పట్లు పెట్టిండ్రు."

"ఒక్కడన్న వస్తనన్నడా ఇక్కడికి?"

లింగస్వామి గ్రూపు చివరిదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. "అందరికీ పెండ్లిండ్లున్నయంట సార్."

అమావాస్య నాడు ఇన్ని పెళ్లిళ్లెలా కుదిరాయో విచారించే తీరిక లేకపోయింది. లింగస్వామి ఫోను మోగింది, అతను స్పీకరు నొక్కాడు. కోదాడ ప్రిన్సిపాల్ జగదీశ్ గారు. కిటికీ లోపలికి కూడా వినపడేంత ఉత్సాహం ఆయనది.

"సార్, ఇప్పుడే చూశానండి ఫోటో! మావాళ్ల ఫోన్లన్నిటికీ వచ్చేసిందండి. హాలు సరిపోక గ్రౌండులోకి మార్చేశాం. పక్క కాలేజీ వాళ్లు కూడా వస్తామంటున్నారు. ఆ విస్తరాకు అలాగే, ఏదీ కదలకుండా తీసుకురండి. మీరు మా అందరి ముందూ తినాలి. టీవీవాళ్లను కూడా పిలవమంటారా?"

"వద్దు," అన్నారు వెంకటేశ్వర్లు గారు. ఆ ఉదయం ఆయన నోటినుంచి వెలువడిన మొదటి నిజాయితీ గల మాట అది. "టీవీ వద్దు. మిగతాది... వస్తున్న."

తినకపోతే వేదిక చచ్చిపోతుంది. తింటే అధ్యక్షులు. మూడో మార్గం ఒకటి ఉన్నదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని పేరు ఎదుటివాడి నోట రావాలని ఎదురుచూశారు.

"సార్," అన్నాడు చివరికి లింగస్వామి, "ఒకడున్నడు."

"పేరు చెప్పకు."

"చెప్తలేను సార్. ఫోన్ చేస్తున్న."

ఆ ఒకడు చివ్వెంల మైసయ్య. ఇరవై ఏళ్లు తాయెత్తులు కట్టి, దిష్టి తీసి, దయ్యాలను సీసాల్లో దించి గౌరవంగా బతికినవాడు. మూడేళ్ల కిందట ఈ ఇద్దరే ఊరి నడుమ అతని సీసాలు పగలగొట్టి, "మంత్రములు లేవు, నేను చేసినదంతా మోసము" అని కాగితం మీద సంతకం పెట్టించారు. ఆ తర్వాత అతను బతుకుతెరువు మార్చి, సూర్యాపేటలో సాయంత్రాలు నూడుల్స్ బండి పెట్టుకుంటున్నాడని వినికిడి.

అరగంటలో మైసయ్య మోపెడ్ మీద వచ్చి దిగాడు. విషయమంతా విని, గేటుకు ఆనుకొని, నింపాదిగా బీడీ వెలిగించాడు.

"అంటే ఏందన్నట్టు సారు? మంత్రాలున్నయని నేను ఒప్పుకోవాలెనా?"

"ఒప్పుకోమంటలేను," అన్నది కిటికీ. "లేవు. లేనియి... జర తీసెయ్యమంటున్న."

"లేనిదాన్ని నేనెట్ల తీసేది? కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు గద. నేను మాట మీద నిలబడెటోణ్ని."

"మైసయ్యా, పరాచికాలు వద్దు. పానం పోయేటట్టున్నది."

మైసయ్య బీడీ దించి కిటికీ వైపు చూశాడు. ఊచల వెనుక ముఖం సున్నం కొట్టిన గోడలా ఉన్నది. అతని వెక్కిరింత కాస్త చల్లబడింది. "నిజంగనే భయపడ్డరా సారు?"

కిటికీ రెక్క మెల్లగా సగం మూసుకుంది. అదే జవాబు.

మైసయ్య నేరుగా నడిచివెళ్లి గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాడు. లింగస్వామి కళ్లు మూసుకున్నాడు. మైసయ్య ముందుగా నడిమి ముద్దను కొంచెం చిదిమి నాలుక మీద వేసుకున్నాడు. "పిండానికి ఉప్పెయ్యరు సారు. దీంట్ల ఉప్పున్నది." తర్వాత గిన్నె మీదకు వంగి ముక్కుతో గట్టిగా పీల్చాడు. వేలు ముంచి నాకాడు. నలుగురు కూతుళ్లకు పెళ్లి సంబంధాలు చూసిన తండ్రిలా ఆలోచించాడు.

"సోయాసాసు. అల్లం. నిమ్మకాయ. బెల్లం జర ఎక్కువైంది," అని తీర్పు చెప్పి, పుల్లలు పీకి పక్కన పెట్టి, ఆ నడిమి ముద్దను రసంలో నిండా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "ఎవలు చేసిండ్రోగాని చెయ్యి మంచిగున్నది. రోజు నా బండి మీద పోసేది ఇదే కదా, నాకు ఎర్కలేదా? కాని ఇంత నాజూకుగ నేను చెయ్యలేను."

"మరి గిన్నె మీద నా పేరు?" అన్నారు వెంకటేశ్వర్లు గారు. గొంతు చిన్నపిల్లవాడిదిలా వచ్చింది.

మైసయ్య గిన్నెను తిప్పి పేరును చూశాడు. దైవికంగా, కాదు, యాదృచ్ఛికంగా, ఆ క్షణంలోనే ప్రమీల ఫోను చేసింది. సీమంతపు ఇంటి సందడిలోంచి ఆమె గొంతు హడావుడిగా వచ్చింది.

"ఇప్పుడే సూసిన, పొద్దుగాల అఖిల మెసేజ్ పెట్టింది. జపాన్ అన్నం చేసిందంట, మన గిన్నెల పెట్టిందంట. తిన్నరా? గిన్నె లోపల పెట్టిండ్రా? పిల్లులు దొర్లిస్తయి. మన గృహప్రవేశం గిన్నె అది, మీ పేరేయించిన కదా!"

"మన గిన్నెనా?"

"పాతికేండ్ల సంది దాంట్లనే పెరుగు తింటున్నరు కదండి!"

వెంకటేశ్వర్లు గారు రెండు గొళ్లేలూ తీశారు. గుమ్మం మీద నిలబడి గిన్నె వైపు చూశారు. అది మామూలు గిన్నె. ఆ మామూలుతనం ఆయనకు ఎంతో అవమానకరంగా తోచింది. లింగస్వామి ఒక్కసారిగా నిటారుగా నిలబడి, నడుంనొప్పి మాయమైన గొంతుతో అన్నాడు: "నేను ముందే అనుకున్న సార్, గిది సాసే అయ్యుంటదని."

మైసయ్య చేయి కడుక్కుంటూ ఆయనను చూశాడు. "సిగ్గుపడకుండ్రి సారు. ఇరవై ఏండ్లు నేను మంది భయం మీద బతికిన. అందరికంటె ఎక్కువ భయపడ్డది నేనే, ఎవడన్న నిజమైన దయ్యాన్ని పట్టుకొస్తె ఏం చెయ్యాలె అని."

పదీ పదిహేనుకు కారు కదిలింది. మిగిలిన ఒక్క ముద్దా, గిన్నే, లింగస్వామి ఒళ్లో భద్రంగా ఉన్నాయి. లింగస్వామి చేతులు ఖాళీ లేవు కనుక, మైసయ్య "ఎట్లైతదో సూద్దాం" అని స్టీరింగ్ పట్టాడు. నలభై అయిదు కిలోమీటర్ల జాతీయ రహదారి పొడవునా వెంకటేశ్వర్లు గారు జేబు తడుముకుంటూ కూర్చున్నారు. జేబులో పన్నెండు పేజీల ప్రసంగం ఉన్నది. మొదటి వాక్యం: "నేను భయమన్నది ఎరుగను." ఆ కాగితాన్ని మునగాల దాటాక ఒకసారి తీసి, చదివి, మళ్లీ మడిచారు.

కోదాడ మైదానంలో జనం వెయ్యి దాటారు. ముందు లింగస్వామి మైకు అందుకొని, సారు తలుపు తీసిన వెంటనే ఫక్కున నవ్విన సంగతి, కాకిని కూడా "తిను బిడ్డా" అని పలకరించిన సంగతి ఆవేశంగా చెప్పాడు. చప్పట్లు మోగాయి. వెంకటేశ్వర్లు గారు లేచారు. ఇప్పుడు భయం పిండానిది కాదు. ముందున్న వెయ్యి ముఖాలది. ఇప్పుడు ఒక్క అబద్ధం చెబితే చాలు, ఇన్నేళ్ల పేరు నిలబడుతుంది. చెప్పకపోతే ఈ మైదానంలోనే పోతుంది.

"లింగస్వామి చెప్పింది అబద్ధం," అన్నారు. "నేను భయపడ్డాను."

ఎక్కడో వెనక వరసలో ఒక నవ్వు.

"నవ్వకండి. నిజంగా భయపడ్డాను. తలుపుకు రెండు గొళ్లేలు పెట్టుకున్నాను. నాడి నూట పద్దెనిమిది. నేను చచ్చిపోయానేమోనని చేయి గిల్లుకొని చూసుకున్నాను. నా సొంత గిన్నెను గుర్తుపట్టలేకపోయాను." నవ్వు రెండో వరసకు, పదో వరసకు పాకింది. ఆయనకు కోపం వచ్చింది. గొంతు వణికింది. ఆ వణుక్కు ఈలలు పడ్డాయి. "నేను నిజం చెబుతున్నాను!" అని అరిచి, నిరూపణకోసం మిగిలిన ముద్దను రసంలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. నాలుగు ఎండు మిరపకాయలు మూడు గంటలకు పైగా నానిన రసం. ఆయన ముఖం ఎర్రబడింది. కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి. మాట పెగల్లేదు. రెండు చేతులతో టేబులు పట్టుకొని ఊగిపోయారు.

వెయ్యిమంది లేచి నిలబడ్డారు.

జగదీశ్ గారు చెమ్మగిల్లిన కళ్లతో మైకు తీసుకున్నారు. "నేను చాలా ఉపన్యాసాలు విన్నానండి. భయం గురించి చెప్పినవాళ్లను చూశాను. భయాన్ని ఇంత సహజంగా నటించి చూపించినవాళ్లను ఇదే చూడటం! ఆ వణుకు, ఆ కన్నీళ్లు! మహానుభావుడండి."

"నటన... కాదు," అన్నారు వెంకటేశ్వర్లు గారు, మంచినీళ్ల గ్లాసు పైనుంచి.

దానికి మరీ ఎక్కువ చప్పట్లు పడ్డాయి. తిరుగు ప్రయాణంలో ఆయన మూడుసార్లు "వాళ్లు నమ్మలేదు మైసయ్యా" అన్నారు. మైసయ్య మూడుసార్లూ "నిజాన్ని ఎవడు నమ్ముతడు సారు" అన్నాడు. సూర్యాపేట చేరేలోపల లింగస్వామి ఫోను పదకొండుసార్లు మోగింది. ఆఖరిది మిర్యాలగూడ కళాశాల నుంచి.

వచ్చే శనివారం ఉదయం పదకొండు గంటలకు వెంకటేశ్వర్లు గారు మిర్యాలగూడలో భయపడవలసి ఉన్నది.